శెట్టి స్థలంలో ఉలవలు

వయ్యారిభామ అని ఆ మొక్కకు పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, అతని ఇంటి పక్కన అది ఒక్కనాడూ మొలిచి ఉండదు. మొలిచి ఉంటే ఇంకో పేరు పెట్టేవాడు. నల్లమ్మ దాన్ని ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. దరిద్రపు గడ్డి అనేది, అంతే.

గుంతకల్లు ఊరి చివర ఆమె ఇల్లు. భర్త తిప్పన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. తనకల్లు దగ్గర పల్లెలో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి వేరుశనగ చేలల్లో కలుపు తీస్తూ పెరిగిన మనిషి ఆమె. పెరట్లో వంగ, గోరుచిక్కుడు, గోడ మీదికి పాకిన బీర. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు దాచి మొక్కలకు పోసేది. ఆ తడిని వంగ మొక్క కంటే ముందు కలుపు తాగేస్తుందని ఆమె మంట. తడి ఆరకముందే కూర్చుని వేళ్ళతో సహా లాగేసేది. ఆమె పెరట్లో పనికిరాని పోచ ఒకటి కనిపించేది కాదు.

ఏం లాభం? గోడకు అవతల రామలింగయ్య శెట్టి ఖాళీ స్థలం ఉంది. బజారులో కిరాణా అంగడి ఆయనది. ధర పెరిగినప్పుడు అమ్ముకుందామని ఆ స్థలం కొని, నాలుగు మూలలా రాళ్ళు పాతి వదిలేశాడు. వాన పడితే చాలు, మనిషి నడుమెత్తు వయ్యారిభామ. 2003లో అది విరగబూసింది. తిప్పన్నకు ఊపిరి ఆడటం కష్టమైంది. రాత్రిళ్ళు పడుకోలేడు. గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేవాడు. ఆ పూత గాలి పడదని, దాని దగ్గర ఉండొద్దని డాక్టరు చెప్పాడు. ఉన్న ఒక్క ఇల్లు వదిలి ఎక్కడికి పోతారో మాత్రం చెప్పలేదు.

నల్లమ్మ అంగడికి పోయింది.

"అన్నా, మీ స్థలంలో గడ్డి పూతకొచ్చి ఉండాది. మా ఆయప్పకు ఊపిరాడ్డం లేదు. పీకించన్నా."

"దేశమంతా ఉండాది ఆ గడ్డి. నా ఒక్కని స్థలంలోనే మొలిచిందా ఏమి? అంత అవసరమైతే నువ్వే పీక్కో, వద్దన్నోళ్ళెవరు?"

ఆమె ఆ మాటను పట్టుకుంది. మరుసటేడు తొలి వానకు మొలకలు లేవగానే, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు గోనె చుట్టుకుని, ఇంకా పూత రాని మొక్కలను ఒక మూల నుంచి పెరుకుతూ పోయింది. చేతుల మీద దద్దుర్లు లేచినా ఆగలేదు. నేలను ఉత్తగా వదిలేస్తే మళ్ళీ అదే లేస్తుందని ఆమెకు తెలుసు. శ్రావణంలో వాన పడినప్పుడు ఉలవలు దట్టంగా చల్లింది. ఉలవ తీగ నేలనంతా కప్పేసింది. కలుపుకు ఎండ తగలనివ్వలేదు. ఆ కొన్నాళ్ళూ తిప్పన్న చాప మీద కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు.

ఉలవలు కాయ పట్టే వేళకు ఎవరో పోయి శెట్టి చెవిన వేశారు. కొడుకు కార్తికేయను, ఒక ట్రాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడాయన.

"ఎవరినడిగి పైరు పెట్టినావు? ఈ పొద్దు ఉలవలంటావు, రేపు గుడిసేస్తావు, ఎల్లుండి స్థలమే నాదంటావు."

"పీక్కోమన్నది నువ్వే కదన్నా."

"పీక్కోమన్నా. విత్తుకోమంటినా?"

ఈ సీమలో నేల మీద ఎవరి పైరు నిలబడితే వాళ్ళు రేపు హక్కు అడుగుతారని ఆయన భయం. నల్లమ్మకు ఆ ఆలోచన కలలో కూడా రాలేదు. ఆమె చూస్తూ ఉండగానే ట్రాక్టరు ఆ పచ్చటి తీగను మట్టిలో కలిపేసింది. గుల్ల చేసిన నేల మీద చివరి వానలు పడ్డాయి. ఇంక చెప్పేదేముంది, దరిద్రపు గడ్డి గోడ మీది నుంచి పెరట్లోకి తొంగి చూసింది.

ఒక తెల్లవారుజామున తిప్పన్న పెదవులు నల్లబడ్డాయి. ఇరుగుపొరుగు ఆటో పిలిచి ఆసుపత్రిలో చేర్చారు. ముక్కుకు గొట్టం పెట్టి పడుకోబెట్టాక నల్లమ్మ ఇంటికొచ్చింది. కొడవలి తీసుకుని గోడ దాటింది. పూసిన గడ్డిని మోపు కట్టి నెత్తిన పెట్టుకుని, ఎవరు పలకరించినా పలక్కుండా బజారు దాకా నడిచి, అంగట్లో గల్లాపెట్టె ముందు దభీమని పడేసింది. తెల్లటి పూత ఎగిరి బియ్యం మూటల మీద పడింది.

"ఇదో నీ పైరు, శెట్టీ. నీ స్థలంలో పండిందే. ఒక్క కాడ కూడా నేను ఉంచుకోలే. కబ్జా చేసినానని మళ్ళా అనొద్దు."

"బుద్ధుండాదా నీకు? తినే గింజల మీద పోస్తావా? ఒరే కార్తికేయా, తీసి బయట పారెయ్."

అంతలో అంగడి వెనక ఉన్న ఇంట్లోంచి దగ్గు వినిపించింది. శెట్టి భార్య సుమిత్రమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుమ్మం పట్టుకుని వచ్చింది. పోయిన ఊపిరి తిరిగి రాక మనిషి కొట్టుకునే ఆ చప్పుడు నల్లమ్మకు కొత్త కాదు. ఈమెకూ ఇదే రోగమని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తనమీద తనకే ఒళ్ళు మండింది. వంగి మోపు ఎత్తుకోబోయింది.

"ఉండనీ," అంది సుమిత్రమ్మ.

"నీకూ పడదు కదమ్మా ఇది."

"పడదు. ఆడనే ఉండనీ. మొన్న వాకిట్లో ఎవరో ఉలవ పైరు దున్నేసినారని అంటాంటే లోపల విన్యా. ఆ పైరు దున్నించింది ఈయప్పేనా?"

నల్లమ్మ తల ఊపింది. రామలింగయ్య లేచి, భార్యను లోపలికి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. కార్తికేయ మోపు మీద చెయ్యి వేయబోతే వద్దని వేలు చూపించి, బియ్యం మూట మీద ఆ గడ్డి పక్కనే కూర్చుంది. దగ్గు తెర ఆగేదాకా ఆగి భర్త వైపు చూసింది.

"నువ్వు పోయి ఆ స్థలం శుభ్రం చేయించి వచ్చేదాకా ఇది ఈడనే ఉంటాది. నేనూ ఈడనే ఉంటా."

మళ్ళీ దగ్గు అందుకుంది. రామలింగయ్య గల్లాపెట్టె కింద చెప్పుల కోసం వెతుక్కున్నాడు.