లేని కడుపునొప్పితో నంద్యాలలో రెండు రోజులు

ఇది నేను లేని కడుపునొప్పితో రెండు రోజులు మంచం పట్టిన కథ. చదివాక నా మీద జాలి పడాల్సిన పని లేదు. నా భార్య రూతు కూడా పడలేదు.

పెళ్లయిన పదకొండో ఏడు రూతు ఒక్క కోరిక కోరింది. "రెండు దినాలు యాడికన్నా పోదాం, మనిద్దరమే. నేను వంట జేయగూడదు. మనల్ని ఎవరూ పలకరించగూడదు."

నేను ప్రయాణాల పుస్తకాలు చాలా చదివినవాణ్ణి. పెద్ద నగరాల్లో జనం శని, ఆదివారాలకు ఊరి నడిబొడ్డున గది తీసుకుని ఊరికే వీధులు తిరుగుతారని తెలుసు. ఆ జ్ఞానమంతా ఉపయోగించి నంద్యాలను ఎంచుకున్నాను. మా ఆళ్లగడ్డ నుంచి బస్సులో గంట. చదువు మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి.

గాంధీచౌక్ పక్క సందులో లాడ్జి. కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన మా ఆధార్ కార్డులు తీసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు.

"ఆళ్లగడ్డ నుంచొచ్చి ఈడ రూమేందప్పా? పెండ్లికొచ్చినారా?"

"కాదు."

"కోర్టు పనా?"

"కాదు."

"మరి ఏం పని?"

'ఊరికే' అనాలి. మూడే అక్షరాలు. కానీ మా వైపు నంద్యాలకు ఎవరూ ఊరికే పోరు. ఆసుపత్రికి పోతారు, బట్టలకు పోతారు, సాయంత్రం బస్సుకు తిరిగొస్తారు. సొంత భార్యతో షికారుకు వచ్చానని చెప్పడం కన్నా దొంగతనం ఒప్పుకోవడం సులువనిపించింది.

"ఆసుపత్రికి. కడుపులో నొప్పి" అన్నాను.

రూతు నా వైపు చూసింది. ఆ చూపును ఇక్కడ వర్ణించను.

పెద్దాయన ఆమె కార్డు చూశాడు. అందులో ఇంకా పుట్టింటి చిరునామాయే ఉంది. మార్పించని సోమరితనం నాదే.

"రుద్రవరం యోసేపన్న కూతురివా? మాదీ ఆ ఊరేమ్మా. మీ నాయనకు తెలుసా?"

"తెలీదు. చెప్పొద్దు" అంది రూతు.

"అదెట్లమ్మా" అంటూనే ఆయన ఫోన్ అందుకున్నాడు.

బంధువు నంద్యాల ఆసుపత్రికి వచ్చాడంటే బ్రెడ్డు, కొబ్బరిబోండాలు పట్టుకుని పోవడం మా వైపు మర్యాద. పోకపోతే ఆ మాట మనవళ్ల కాలం దాకా నిలుస్తుంది. మధ్యాహ్నం మేము బిర్యానీకని చెప్పులు వేసుకుంటుండగా తలుపు చప్పుడైంది. బయట మామ గొంతు. నేను చెప్పులతోనే మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాను. మామ చంకలో బైబిలు, అత్త చేతుల్లో నాలుగు బ్రెడ్ ప్యాకెట్లు.

"యాడ నొస్తాంది నాయనా?" అంది అత్త.

చూపించాను.

"ఈడేనా?"

"కొంచెం ఆడ కూడా."

"డాక్టరేమన్నాడు?"

"బ్రెడ్డు తప్ప ఏమీ తినొద్దన్నాడమ్మా" అంది రూతు, శాంతంగా.

మామ వాళ్ల చర్చి సంఘంలో పెద్ద. మోకరించి ప్రార్థన మొదలుపెట్టాడు. అది సాగింది, సాగింది. పాపుల జాబితాలో నా పేరు రెండుసార్లు వచ్చింది. ఆయన ఆమెన్ అనగానే నాకు బయటపడే దారి కనిపించింది.

"తగ్గింది మామా."

మామ కళ్లు తడిశాయి. "స్తోత్రం. రేపు ఆదివారమే గదా. మా గుడికొచ్చి అందరి ముందర సాక్ష్యం చెప్పాల అల్లుడా."

లాడ్జి కౌంటర్ ముందు ఆడిన అబద్ధం వేరు. దాన్ని గుడిలో నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు.

"మళ్లీ వస్తాంది మామా" అని ముడుచుకుని పడుకున్నాను.

దాంతో వాళ్లు పక్క గది తీసుకుని ఆదివారం సాయంత్రం దాకా ఉన్నారు. మామ నాకు కాపలా. "బిడ్డ చిక్కిపోయింది" అంటూ అత్త రూతును బజారుకు తీసుకుపోయింది. కిటికీలోంచి చూస్తున్నాను. తల్లీకూతుళ్లు గాజుల అంగడి దగ్గర నిలబడ్డారు. ఎదురుగా ఉన్న బిర్యానీ హోటల్లోకి వెళ్లారు. ఎంతకీ బయటికి రాలేదు. నేను బ్రెడ్డు తిన్నాను. రెండో రోజుకు నేనే బ్రెడ్డు ముక్కలాగా తెల్లగా, మెత్తగా తయారయ్యాను.

తిరుగు బస్సులో అడిగాను. "కోపమా?"

"ఏం కోపం? వంట జేయలేదు. నువ్వు గూడా పలకరించలేదు. మళ్లీ పోదాం, మనిద్దరమే. ఈసారి కౌంటర్ కాడ నేను మాట్లాడతా."

మళ్లీ పోలేదు. ఏదో ఒక పని అడ్డొచ్చింది. చివరికి నంద్యాలకు నిజంగా ఆసుపత్రికే పోవాల్సి వచ్చింది, ఆమె కోసం. మంచం పక్కన చుట్టాలు తెచ్చిన బ్రెడ్ ప్యాకెట్లు పేరుకున్నాయి. వాటిని చూసి, నన్ను చూసి నవ్వింది. "తిను. నీకు అలవాటే గదా" అంది.

ఆమె పోయి రెండేళ్లు. మొన్నొక శనివారం ఒక్కణ్ణే ఆ లాడ్జికి వెళ్లాను. కౌంటర్ దగ్గర అదే పెద్దాయన.

"ఏం పని మీదొచ్చినారప్పా?"

"ఊరికే."

"సరే" అని తాళంచెవి నా ముందు పెట్టాడు. ఇంకో ప్రశ్న లేదు.

కాబట్టి చదివేవారందరి ఎదుట, గాంధీచౌక్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఊరికే వెళ్లిన చోట ఊరికే వచ్చానని చెబుతాను. బ్రెడ్డు మాత్రం, ఎవరు ఎంత మర్యాదగా తెచ్చినా, ముట్టను.