ముప్ఫై ఒకటో గూడు

కోర్టులో ఉర్దూ తగ్గి ఇంగ్లీషు పెరుగుతున్న యాభైలలో, నయాపూల్ దగ్గర ఒక వకీలు గారికి నేను గుమాస్తాను. ఆయన ఇంటి ముందుగదే మా ఆఫీసు. ఒక్కో కేసు కాగితాలను ఎర్రగుడ్డలో మూటకట్టి బస్తా అనేవాళ్లం. ప్రతి బస్తాకూ ఒక పేరు, ప్రతి పేరుకూ తగిలించడానికి గోడకు ఒక మేకు: అదీ నా ప్రతిభ. “మీసాల బాపు గోడ”, “మీసాల బాపు కొత్త గోడ”, “మీసాల బాపు అసలు గోడ”: ఒక్క కక్షిదారువే మూడు గోడ తగాదాలు. ఆ మేకులు పీకితే గది కూలి మూసీలో పడేదని ఇప్పటికీ నా నమ్మకం. గోడ చాలక వంటగదిలోనూ, గొడుగు వెనకా కొట్టాను.

ఒక పొద్దున దబీర్‌పురాలో గాజులమ్మే ముసలావిడ వచ్చింది. ఆమె ఇంటి దస్తావేజు ఆ రోజే జడ్జి గారికి చూపాలి. చూపకపోతే ఇల్లు పోతుంది. “గాజులమ్మ ఇల్లు” బస్తా దించాను. అందులో లేదు. గుర్తొచ్చిన పేర్లన్నీ దించాను. లేదు.

“నా ఇల్లు ఏ మేకుకు తగిలించినవ్ బిడ్డా?” అంది.

మా లొల్లి విని పక్కింటి వకీలు గారి మున్షీ సాబ్ వచ్చాడు. ఆయన కళ్లద్దాల మందానికి నేనే కాదు, నా ముత్తాత కూడా కనిపించేవాడు.

“యాదికున్నవే దేవులాడుతున్నవ్ భాయ్. యాదిలేని దాన్ని ఏమని పిలుస్తవ్?”

బస్తాలన్నీ తెప్పించి వరండాలో ఒకే వరుసలో పెట్టించాడు. పక్కన సుద్దతో అంకెలు వేశాడు. ఈ కొసన నిలబడితే ఆ కొస చార్మినార్ దగ్గర తేలినట్టుంది.

“ఒకటి కాడ షురూ చెయ్. ఆఖరుదాకా పో. నడుమ ఏదీ ఇడువకు.”

“మరి పేర్లు?”

“అవి నీ పిల్లలకు పెట్టుకో.”

ముప్ఫై ఒకటోది విప్పితే దస్తావేజు! “మీసాల బాపు చెల్లె” అని నేనే రాసి మరిచిన బస్తా. మొదటిరోజు గాజులమ్మ తన అన్న మీసాల బాపు వెంట వచ్చింది మరి. కాగితం పట్టుకుని నేను పరుగెత్తిన వేగానికి నయాపూల్ టాంగా గుర్రాలు సిగ్గుపడ్డాయి. దస్తావేజు వేళకు అందింది.

ఆ వారమే మున్షీ సాబ్ దగ్గరుండి గోడకు వరుస గూళ్లు చేయించాడు, అంకెలతో. ఏ అంకె ఎవరిదో ఒక పుస్తకంలో, ఒక్కసారే రాయించాడు. సోమవారం పేషీలు ఎవరివో చూడాలంటే ఇక నా జ్ఞాపకంతో పనేలేదు. బస్తాల మీది తేదీలు చూసుకుంటూ ఒకటి నుంచి నడవడమే. అంత బుద్ధి ఒక్క తలలో ఎలా పట్టిందో!

ఇల్లు నిలిచాక ముసలావిడ వచ్చింది.

“ఇప్పుడు నా ఇల్లు ఏడున్నది?”

“ముప్ఫై ఒకటి, అమ్మా.”

“అంకేనా? నేనేమన్న ఖైదీనా?” అంటూనే, గాజులు గలగలలాడించి ఒకటో గూటి నుంచి లెక్కపెడుతూ నడిచింది. ముప్ఫై ఒకటోదాన్ని ముట్టుకుంది.

“ఆఁ, ఉన్నది.”