రాత బాగున్న పిల్ల

మా ఎమ్మిగనూరు బడికి లాప్‌టాప్‌లు వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ముగ్గురికొకటి ఇచ్చారు. సారు ఒక పద్ధతి పెట్టారు. జవాబులు ముందు కాగితం మీద రాయాలి, తర్వాత వాటిని లాప్‌టాప్‌లో ఎక్కించాలి. ఒకరు రాస్తే, ఒకరు చదివి వినిపించాలి, ఇంకొకరు టైపు చేయాలి. వారం వారం పనులు మార్చుకోమని కూడా చెప్పారు. మా బెంచీలో ఆ మార్పు నా దాకా ఒక్కసారీ రాలేదు. నా రాత బాగుంటుంది, అదే నా ఖర్మ.

నాతో కూర్చునేది మా వీధి స్నేహితురాలూ, బియ్యం దుకాణం వాళ్లబ్బాయీ. వాళ్లిద్దరూ లాప్‌టాప్‌ను మధ్యలో పెట్టుకుని వంతులేసుకునేవాళ్లు. నేను బెంచీ చివర కాగితంతో ఉండేదాన్ని. నావైపు తిప్పితే కిటికీ వెలుతురు పడుతుందని తెర ఎప్పుడూ అటే ఉండేది.

ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను. "ఈ పొద్దు నాకియ్యి మే, నేను కొడ్తా."

"నువ్వు కొడితే ఎవురు రాస్తారు? వీని రాత వీనికే తెలీదు," అంది స్నేహితురాలు. వాడు కూడా నిజమేనన్నట్టు తలూపాడు. నాకు ఒళ్లు మండింది గానీ, కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టాను.

ఇంట్లో చెప్పుకుందామంటే అక్కడింకో చిక్కు. మా నాయన మగ్గం దిగకుండానే, చీరల కోసం ఆదోని నుంచి వచ్చిన వ్యాపారికి నా నోటుబుక్కు చూపించేవాడు. "సూడన్నా, మా పాప రాత. అచ్చు గుద్దినట్టుంటాది." అంత సంతోషంగా ఉన్న మనిషితో, ఆ రాతే నన్ను కట్టిపడేసిందని ఎలా చెప్పను? తిట్టేవాళ్లయితే ఎదురు తిరిగేదాన్ని. పొగిడేవాళ్లతో ఏం పోట్లాడతాను?

చివరికొక ఉపాయం తోచింది. కావాలనే కోడి కెలికినట్టు రాశాను. గీత దాటి, అక్షరం మీద అక్షరం పడేలా రాశాను. సారు ఆ కాగితం తీసుకుని నా ముఖం కేసి చూశారు.

"ఏం పాపా, సెయ్యి నొస్తాందా?"

అవునన్నాను. ఇంకేమంటాను? ఇక కాగితం వాళ్లకిచ్చి నన్ను లాప్‌టాప్ దగ్గరికి జరగమంటారని అప్పుడే సగం లేచాను.

"అట్లయితే దేన్నీ ముట్టొద్దు. ఊరికే కూసో," అన్నారు, ఎంతో దయగా.

ఆ కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది. అమ్మ ఆముదం కాచి మణికట్టుకు రాసి గుడ్డ కట్టింది. "బంగారట్లాంటి సెయ్యి, బద్రం పాపా," అన్నాడు నాయన. ఇప్పుడు కాగితమూ పోయింది, లాప్‌టాపూ రాలేదు. కట్టుకట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని వాళ్లిద్దరినీ చూస్తూ కూర్చున్నాను. నాలుగు రోజులు కాకముందే గుడ్డ విప్పేసి, కాగితం నేనే అడిగి తీసుకున్నాను.

ఏడాది చివర పరీక్ష పెట్టారు. విడతల వారీగా ఒక్కొక్కరం ఒక్కో లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. పేరు, ఊరు, మన గురించి నాలుగు మాటలు టైపు చేయాలి, అంతే. చుట్టూ అందరి వేళ్లూ టకటకా ఆడుతున్నాయి. ఏడాదంతా పక్కనే ఉన్నదాన్ని, నా పేరులో మొదటి అక్షరం కోసం వెతుక్కున్నాను. దొరికింది. రెండోది దొరకలేదు. లేచి పోదామంటే అటూ ఇటూ పిల్లలు, వెనక గోడ.

సారు వచ్చి పక్కన నిలబడ్డారు. కోప్పడలేదు. తెర మీది ఒక్క అక్షరం చూసి, జేబులోంచి పెన్ను తీసి ఒక తెల్లకాగితం మీద పెట్టి నా ముందుకు జరిపారు.

"రాసియ్యి పాపా, నేను కొడ్తాలే. నీ రాత ముత్యాల మాదిరుంటాది గదా."

వద్దు సార్ అనాలని నోటిదాకా వచ్చింది. పెన్ను తీసుకున్నాను. ఏడుపుకు కళ్లు మసకబారాయి గానీ చేయి వణకలేదు. పేరు, ఊరు, నాలుగు మాటలు, ఒక్క కొట్టివేత లేకుండా రాసేశాను. ఎప్పటిలాగే చాలా బాగా వచ్చాయి.