స్పీడ్ బ్రేకర్ కోసం నేను గాయపరిచిన జనం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. నాలుగు చినుకులు పడితే ప్రళయం అంటాను. నా భార్య సుజాత నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చదవండి. భాగించగా మిగిలింది కూడా నన్ను పెట్టెబేడాతో మస్కట్ దాటించడానికి సరిపోయేదే.

ఆరేడేళ్ల కిందట మేం మస్కట్‌లోని అజైబా పేటలో ఒక ఇళ్ల వీధిలో ఉండేవాళ్లం. తిన్నగా ఉండటమే ఆ వీధి చేసుకున్న పాపం. పెద్ద రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టంలేని కార్లన్నీ మా వీధిలోంచి దూసుకుపోయేవి. కారు ముందు వెళ్లిపోయేది, దాని చప్పుడు తీరిగ్గా వెనక నడిచొచ్చేది. బాల్కనీలో ఆరేసిన చొక్కాలు ఆ గాలికే ఆరేవి.

సుజాత ఆసుపత్రిలో నర్సు. పొద్దున్నే డ్యూటీ బస్సు వీధికి అవతలి పక్కన ఆగేది. ఆవిడ బ్యాగు గుండెకు హత్తుకుని ఒకడుగు ముందుకు, రెండడుగులు వెనక్కి వేస్తుంటే, పైన నిలబడ్డ నా చేతి గ్లాసులో కాఫీ అలాగే చల్లారిపోయేది. దీన్ని మాత్రం భాగించకండి.

ఒకరోజు ఓ కారు అద్దం ఆవిడ బ్యాగును రాసుకుంటూ పోయింది. ఆ సాయంత్రమే స్పీడ్ బ్రేకర్ వేయమని మునిసిపాలిటీకి అర్జీ రాయడానికి కూర్చున్నాను.

అర్జీలు రాయడంలో నాది మన ఊళ్ల శిక్షణ. అక్కడ వీధి దీపం మాడిందని రాస్తే ఎవరూ నిచ్చెన తీయరు. ప్రజలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నారని రాస్తే, కాగితం కనీసం ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి మారుతుంది. చదివేవాడు సగం కొట్టేస్తాడు గనక రాసేవాడు రెట్టింపు రాయాలి. అది ఇరుపక్షాలూ ఎరిగిన ఒప్పందం. ఆ పద్ధతిలోనే ఇంగ్లీషులో మూడు పేజీలు దంచాను. వారానికి ముగ్గురు క్షతగాత్రులవుతున్నారన్నాను. వృద్ధులు గడప దాటడం మానేశారన్నాను. మా వీధిలో అందరికంటే వృద్ధుణ్ని నేనే, నాకప్పుడు నలభై మూడు.

రెండో రోజే ఫోన్. మునిసిపాలిటీ అధికారి హిందీలో, ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినంత బాధగా మాట్లాడాడు.

"వారానికి ముగ్గురా? మా దగ్గర ఒక్కటీ నమోదు కాలేదే. రేపు పొద్దున్నే వస్తాను. గాయపడ్డవాళ్లందరినీ చూడాలి."

ఆ మహానుభావుడు సగం కొట్టేయలేదు. అక్షరం అక్షరం నమ్మాడు. నాకు కళ్ల ముందు జైలు కనిపించింది, వీసా రద్దు కనిపించింది, హైదరాబాద్ విమానంలో కిటికీ సీటు కూడా కనిపించింది.

కింది వాటాలో కడప గౌస్ ఉండేవాడు, ఏసీ మెకానిక్. దేవుడు పంపినట్టు అతని కాలికి పెద్ద కట్టు. పరుగున వెళ్లి, రేపొక్క పూట క్షతగాత్రుడిగా ఉండమని బతిమాలాను.

"నేను జారి పడింది బాత్రూములో కదన్నా. ఆడికి కారెట్లొస్తాది?"

"కారని నువ్వనొద్దు గౌస్. ఊరికే కాలు చాపుకుని కూర్చో, చాలు."

"మిగతా ఇద్దర్ని యాడ తెస్తావన్నా?"

ఎవరైనా కుంటుతూ పోతున్నారేమోనని వీధి వైపు ఆశగా చూశాను.

మర్నాడు అక్కడివాళ్లు వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాలో, నా అర్జీ ఉన్న ఫైలుతో అధికారి దిగాడు. సలాములయ్యాయి, మా క్షేమసమాచారాలన్నీ అడిగాడు. చివరికి గుమ్మంలో చాపి ఉన్న కాలిని చూసి, గుద్దింది ఏ కారని మెత్తగా అడిగాడు. గౌస్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. సరిగ్గా అప్పుడే ఓ తెల్ల కారు పిడుగులా దూసుకుపోయింది. ఆ విసురుకి ఫైలు తెరుచుకుని నా మూడు పేజీలూ గాల్లోకి లేచాయి. ఒకటి ఖర్జూరం చెట్టెక్కింది. అధికారి టోపీ సర్దుకుని, ఇక సాక్షులక్కర్లేదన్నాడు. నెల తిరక్కుండా మా వీధికి స్పీడ్ బ్రేకర్ వచ్చింది.

ఆ స్పీడ్ బ్రేకర్ మీద కుడిపాదం మోపి ప్రమాణం చేశాను. బతికున్నంతకాలం ప్రభుత్వానికి రాసే ఏ కాగితంలోనూ మనిషిని కాదు కదా, పిల్లినైనా గాయపరచను.

ఇక నేను కల్పించింది ఏదంటారా? ఆ తెల్ల కారు. ఆ రోజు మునిసిపాలిటీ బండిని చూసి కార్లన్నీ పెళ్లి ఊరేగింపులా నడిచాయి. నేను నీళ్లు నములుతుంటే, డ్యూటీకి బయల్దేరిన సుజాత మెట్లు దిగి వచ్చి తన వచ్చీరాని హిందీలో చెప్పేసింది.

"ఎవరికీ దెబ్బలు తగల్లేదు సార్. అదంతా ఈయన రాత. రోజూ ఈ రోడ్డు దాటాలంటే నాకు భయం, అంతే."

అధికారి నా మూడు పేజీలూ మడిచి నా చేతిలో పెట్టాడు. ఆవిడ చివరి మాట ఒక్కటే ఫైల్లో రాసుకుని, ఆవిణ్ని దగ్గరుండి రోడ్డు దాటించి, బస్సెక్కించి వచ్చాడు. ఈ ముక్క ముందే రాసుంటే నిన్ననే పని మొదలయ్యేది కదా అన్నాడు.

మూడు పేజీలు రాసినవాణ్ని, ఈ సంగతి పదిమందిలో ఎలా చెప్పుకోను? అందుకే కారును తోలుకొచ్చాను.