పూజలో నోరు తెరిస్తే ఔట్

కంబదూరు దగ్గర మా పల్లెలో కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నీళ్లకు ముందు అది బుసకొడుతుంది, అంతే. పోయిన శ్రావణంలో భజనకొచ్చిన ఆడవాళ్లతో, పూజలో కూర్చుంటే ఇల్లు కూలినా పలకనని ఎంతో వినయంగా చెప్పుకున్నాను.

అది విన్న ఆరేళ్ల మనవరాలు చిన్ని, ఒక చెంబును దేవుణ్ణి చేసి, గరిటెను గంట చేసి నా ముందు పెట్టింది.

“అవ్వా, పూజాట ఆడదాం. కండ్లు మూసుకోవల్ల. నోరు తెరిస్తే ఔట్!”

అందరూ చూస్తుండగా దివ్యంగా కళ్లు మూసుకున్నాను. అంతలో కుళాయి బుస వినబడింది.

“నీళ్లొచ్చినాయి! బిందె పెట్టవే, చెవుడేమే నీకు!” అని కోడలి మీద అరిచాను.

బుసకొట్టింది చిన్ని.

“అవ్వ ఔట్! దినామూ ఇట్లే ఔటయితాది!”

భజన మొత్తం నవ్వింది. కోడలు ఇంకొంచెం ఎక్కువే నవ్వింది.

ఇంత చిన్న గురువునిచ్చిన స్వామికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. మనసులోనే. నోరు తెరిస్తే ఔట్ కదా!