కాగితం మూలన కుంకుమ

నాంపల్లిలో మున్సిపల్ ఆఫీసు గేటు ముందు కూర్చుని అర్జీలు రాసే అతను, ఏ కాగితం తీసినా ముందు దాని మూలన కుంకుమ బొట్టు పెట్టేవాడు. “పని అయితది అక్కా, ఫికర్ చెయ్యకు” అనేవాడు. ఆ మాట పట్టుకునే నేను రెండేళ్లు తిరిగాను.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మా ఆయనకు తాళంచెవులు చేసే డబ్బా కొట్టు ఉండేది. ఆయన చనిపోయిన నెలకే మున్సిపాలిటీ వాళ్లు దాన్ని ఎత్తేశారు. ఇప్పుడక్కడ ఎవరిదో జ్యూస్ బండి ఉంది. “నీ మొగుడే జాగా వద్దని రాసిచ్చిండు” అన్నారు ఆఫీసులో. ఆయనకు సంతకం తప్ప రాయడం ఎక్కడొచ్చు? ఆ కాగితం చూపించండని సమాచార హక్కు కింద నాకు మూడుసార్లు అర్జీ రాసిపెట్టింది అతనే. చాయ్ కూడా తాగించాడు.

చివరికి నకలు ఇచ్చారు. నాకు చదువు రాదు గానీ, దాని మూలన నల్లమచ్చ కనబడింది. జిరాక్సులో కుంకుమ నల్లగానే పడుతుంది. నా అర్జీల నకళ్లు పక్కన పెట్టి చూశాను. వాటి మీదా అదే మచ్చ, అదే మూలన.

అన్నీ తీసుకెళ్లి అతని ముందు పరిచాను.

“ఎవరో వచ్చి రాయమన్నరు, రాసిన. గా డబ్బా మీదని తర్వాత ఎరుకైంది అక్కా.”

“ఎరుకైనంక గూడ అక్కా అంటనే ఉన్నవా?”

పై ఆఫీసుకు ఫిర్యాదు రాస్తానని కొత్త కాగితం తీశాడు. కుంకుమ డబ్బీ దాకా పోయిన చెయ్యి ఆగిపోయింది.

“పెట్టు తమ్మీ,” అన్నాను. “గా దొంగ కాగితానికి గూడ పెట్టినవ్ గద.”