లేసు పురుగు మీసం

నేను ఇన్నేళ్ళూ మోసిన బరువుల్లో అన్నిటికన్నా పెద్దది ఒక పురుగు మీసం. నవ్వకండి. కంటి రెప్ప వెంట్రుక పక్కన పెడితే కనబడనైనా కనబడదు. దాన్ని దించుకుందామనే మీ దగ్గర కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అదే నయం.

నేను జువాలజీ లెక్చరర్‌ని. నల్లుల జాతి పురుగుల గురించి ఈ చుట్టుపక్కల ఎవరికి సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. రెక్క చూసి, ముక్కు చూసి ఏ కుటుంబమో చెప్పేస్తాను, తప్పు పోదు. ఈ పేరు నాకెలా వచ్చిందన్నది మాత్రం ఒక్క మనిషికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో రాజమండ్రిలో పీజీ చదివేటప్పుడు సువార్త నా క్లాస్‌మేటు, రూమ్మేటు. నరసాపురం వైపు పిల్ల. వాళ్ళమ్మగారు ఇంటి అరుగు మీద కూర్చుని లేసులు అల్లేవారు. ఆ చూపే దీనికీ వచ్చుంటుంది. మేమంతా పాచి అని దాటిపోయే చోట అది చతికిలబడి పురుగులు ఏరేది. అలా ఓసారి ధవళేశ్వరం లాకుల దగ్గర, కాలవ గోడకి పట్టిన నాచులో, నువ్వుగింజకన్నా చిన్న పురుగొకటి దానికి దొరికింది. చదునుగా ఉంది. రెక్కల నిండా గళ్ళు. "చూడవే, అచ్చం మా అమ్మ అల్లినట్టే లేదూ!" అని గంతులేసింది.

దాని సంబరానికి కారణం ఉంది. నాచు నల్లులని ఒక కుటుంబం ఉంది. మా మాస్టారి పాత పుస్తకంలో వాటిలో ఒక ప్రజాతి బొమ్మ ఉండేది. నాచులోనే పుట్టి నాచులోనే పోతాయి, చాలావాటికి ఎగరడం రాదు. తల వెడల్పు, కళ్ళు ఆ చివరొకటి ఈ చివరొకటి, రెక్కలు జల్లెడలా ఉంటాయి. వీటిని వరికి పట్టే సుడిదోమ బంధువుల్లో కలపాలా, నల్లుల్లో కలపాలా అని పెద్దలు చాలాకాలం తగువులాడి, చివరికి నల్లులకే దగ్గరని తేల్చి, పక్కనే వేరుకాపురం పెట్టించారు. న్యూజిలాండు, చిలీ లాంటి చలి అడవుల్లో తప్ప ఉండవు. అలాంటిది గోదావరి కాలవ గట్టున దొరికిందంటే మాటలా?

పోల్చుకోవడానికి ఒక గుర్తుంది. పుస్తకాల్లో స్పర్శశృంగాలంటారు, మేం ల్యాబ్‌లో మీసాలనేవాళ్ళం. నాచు నల్లికి అవి పొట్టివి, మూడే కణుపులు, తల కింద దాచుకుంటుంది. లేసు పురుగని మన వైపు ఆకుల మీద ఉండేది ఇంకొకటుంది. దానివీ గళ్ళ రెక్కలే, కానీ మీసాలు పొడుగు, నాలుగు కణుపులు. ఇంతే తేడా అనను, కానీ తేల్చేసేది అదే.

చిన్న పురుగుల్ని సూదికి గుచ్చితే చిట్లిపోతాయి. ముక్కోణంగా కత్తిరించిన అట్టముక్క కొసన బంక పెట్టి అతికించాలి. క్లాసులో అందరివీ నేనే అతికించేదాన్ని. నా చెయ్యి వణకదని మాస్టారే మెచ్చుకునేవారు. సువార్త తన పురుగుని కూడా నాకే ఇచ్చి టీ తాగడానికి వెళ్ళింది.

ఆ రోజు వణికింది. బ్రష్షు కొస తగిలి మీసాలు రెండూ ఊడి గాజుపలక మీద పడ్డాయి. మైక్రోస్కోపు కింద చూశాను. పొడుగ్గా ఉన్నాయి. నాలుగు కణుపులు. లేసు పురుగే! నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

ఉఫ్ మని ఊదేశాను.

సువార్త వచ్చి, "మీసాలు కనబడ్డాయా?" అంది.

"పొట్టిగా ఉన్నాయే. తల కిందకి ముడుచుకుపోయాయి."

"ఒట్టు?"

"నా మీద నమ్మకం లేదా ఏంటి?"

"నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతానే!" అని నన్ను కావలించుకుంది.

పాడుచేశానంటే తిడుతుందని భయపడ్డానా? చాలాకాలం నాకు నేను అలాగే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. అది ఎవర్నీ తిట్టే మనిషి కాదు. త్వరలో జరగబోయే మా సెమినార్లో బాగా చెప్పినవాళ్ళని మాస్టారు తన దగ్గర రీసెర్చికి తీసుకుంటానన్నారు, ఒక్కరినే. నాకు ఒళ్ళు మండింది. పగలంతా చదివేది నేను, పాచిలో కూర్చుంటే దొరికేది దానికా? అసూయ. దానికి వేరే పేరు లేదు. లేసు పురుగని అప్పుడే చెప్పి ఉంటే అది కాసేపు ముఖం ముడుచుకుని, నాచులో లేసు పురుగెందుకుందో దాని గురించే మాట్లాడేది. బహుశా ఆ సీటు దానికే వచ్చేది. అందుకే చెప్పలేదు.

మాస్టారికి అప్పటికే కంట్లో శుక్లం. నా మాటే ఖాయం చేసుకున్నారు. సెమినార్‌కి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. సువార్త కొత్త పట్టుకోకలో ఎంత బాగా మాట్లాడిందో! ఆయన లేచి మైక్రోస్కోపులో ఒక్కసారి చూసి, నువ్వు తల అనుకుంటున్నది తల కాదమ్మా, వీపు ముందుకు పెరిగి కట్టిన టోపీ, తల దాని కిందుంది, మీసాలు విరిగిన లేసు పురుగుని పట్టుకొచ్చి దేశానికే కొత్తంటావా, అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం అది ఏడుస్తూనే నన్ను ఓదార్చింది. "నాచులోంచి పీకేటప్పుడు నేనే విరిచేసుంటాను. మొండివి పొట్టిగానే కనబడతాయిగా, నువ్వేం చేస్తావే?" అంది. అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు. రీసెర్చి సీటు నాకు వచ్చింది.

చాలా ఏళ్ళకి నిడదవోలు స్టేషన్లో కనబడింది. జంగారెడ్డిగూడెంలో స్కూల్ టీచరట. పిల్లలకి మైక్రోస్కోపు చూపించాల్సి వస్తే పక్క టీచర్ని పిలుస్తుందట. నా కళ్ళమీద నాకే నమ్మకం పోయిందే, అని నవ్వింది. నేను టీ ఇప్పించాను. బండొచ్చింది, ఎక్కేసింది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీ చేతుల్లో లేదది. ఎన్నో పురుగులకి పేర్లు ఖాయం చేసిన మనిషిని, ఒక్కదాని సంగతి ఖాయంగా చెప్పనివ్వండి. సువార్త కళ్ళు బాగానే ఉన్నాయి. చేతులూ బాగానే ఉన్నాయి. దాని చేతిలోంచి నా చేతికి వచ్చేదాకా ఆ పురుగుకి రెండు మీసాలూ ఉన్నాయి.